ఉత్ప్రేరకాల వేటకు ఆళ్లగడ్డ పనికిరాదా?

అమరావతి క్వాంటం వ్యాలీని సమర్థించేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది. ఐబీఎం వారి 156 క్యూబిట్ల యంత్రం వస్తే కొత్త మందులు, కొత్త ఉత్ప్రేరకాలు లెక్కల్లోనే తేలిపోతాయట. యంత్రం రానీయండి, సంతోషమే. కానీ ఆ ఆశ చూపించి జిల్లా కాలేజీల కెమిస్ట్రీ ల్యాబులను గాలికొదిలేస్తామంటే ఒప్పుకోకూడదు.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని అంకె 6,500. కేసీ కాలువ కింద వరికి నంద్యాల రైతు చల్లే యూరియాకు మూలం అమ్మోనియా. గాలిలోని నత్రజనితో దాన్ని తయారుచేయవచ్చని 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హేబర్ చూపించాడు. అయితే ఆయన ఉత్ప్రేరకంగా వాడిన ఆస్మియం ఫ్యాక్టరీలకు సరిపడా ఎక్కడా దొరకదు. చవకైన బదులు కోసం జర్మన్ రసాయన కంపెనీ బీఏఎస్‌ఎఫ్‌లో ఆల్విన్ మిటాష్ బృందం 1912 నాటికి సుమారు 2,500 పదార్థాల మీద 6,500 పరీక్షలు చేసింది. దారి చూపింది స్వీడన్ నుంచి వచ్చిన ఓ ఇనుప ఖనిజం. అందులోని మలినాల వల్లే అది బాగా పనిచేస్తోందని తెలిశాక ఇనుముకు అల్యూమినా, పొటాష్ లాంటివి కావాలనే కలిపారు. ఏ సిద్ధాంతమూ దాన్ని ముందుగా చెప్పలేదు. 6,500 సార్లు చేసి చూశారు కాబట్టి దొరికింది.

మిటాష్‌కు లేని సౌకర్యం మనకుంది. చర్యలో వేడి పుడితే, చురుకైన ఉత్ప్రేరకం ఉన్నచోటే ఎక్కువ వేడెక్కుతుంది. ఆ తేడాను థర్మల్ కెమెరా ఒక్క చూపులో పట్టేస్తుంది. 1996లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు లోహాలు పూసిన అల్యూమినా గుళికలను పక్కపక్కన పెట్టి ఇలాగే వడపోశారు. 1998లో నార్త్ కరోలినాలో టేలర్, మోర్కెన్ 3,150 ఉత్ప్రేరకాలను పూసలకు అతికించి, వాటిలో వేడెక్కినవాటిని ఏరారు. అంటే 6,500లో దాదాపు సగం, ఒకే ప్రయోగంలో!

దీనికి అమరావతి దాకా పోవాలా? రైస్ మిల్లు ఊక బూడిదలో సిలికా దండిగా ఉంటుంది. బేతంచెర్ల నాపరాళ్ల కోతలో మిగిలేది సున్నపురాయి పొడి. ఈ పొడుల నమూనాల్లో ఒకదానికి మాంగనీసు, ఇంకోదానికి ఇనుము, మరోదానికి రాగి లవణం రకరకాల పాళ్లలో పట్టించి, కాల్చి, గుంటల పలకలో వరసగా నింపాలి. పలుచటి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్కో చుక్క వేయాలి. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టగల గుంటలు కెమెరా తెర మీద ఎర్రబారతాయి, మిగతావి నీలంగానే ఉండిపోతాయి. ఫోనుకు తగిలించుకునే థర్మల్ కెమెరాలు వేల రూపాయల్లోనే వస్తున్నాయి. ఆళ్లగడ్డలో డిగ్రీ చదివే పిల్ల ఒక పూటలో చేయగల పని ఇది.

వేడి చూసి మోసపోమా అని అడిగేవాళ్లున్నారు. మోసపోవచ్చు. కాల్చిన సున్నం మీద నీళ్లు పడితేనే పొగలు కక్కుతుంది, అది ఉత్ప్రేరకం చేసిన పని కాదు. అందుకే పక్కనే వట్టి నీళ్ల చుక్క వేసిన గుంట ఒకటి పోలికకు ఉండాలి. రకరకాల పొడులు ఒకే వేడిలో ఉన్నా కెమెరాకు వేరుగా కనిపించవచ్చు. దాన్ని సరిదిద్దే పద్ధతిని జర్మనీలో మయర్ బృందం 1998లోనే ప్రకటించింది. చర్య ఎంత జోరుగా సాగుతోందో కెమెరా చెబుతుంది గానీ, మనకు కావలసిన పదార్థమే పుట్టిందో లేదో చెప్పదు. ఆ పరీక్ష కోసం, గెలిచిన నాలుగు నమూనాలను హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ లాంటి చోటికి పంపండి. పెద్ద యంత్రాల అవసరం అక్కడ మొదలవుతుంది, అంతకుముందు కాదు.

క్వాంటం యంత్రమైనా, కృత్రిమ మేధ అయినా తన జవాబును ప్రయోగంతో సరిచూసుకోక తప్పదు. ఏది పనిచేసిందో, ముఖ్యంగా ఏది పనిచేయలేదో రాసిపెట్టిన పట్టికలు కావాలి. 6,500 పరీక్షల్లో అత్యధికం విఫలమైనవే. ఆ పట్టికలు ఎవరు రాస్తారు? ఏళ్ల తరబడి అదే సాల్ట్ అనాలిసిస్, అదే టైట్రేషన్ చేయించి, రికార్డు బుక్కు మీద సంతకం పెట్టి పంపేస్తున్న మన పిల్లలు రాయలేరా? రాయగలరు. రాయనివ్వనిది సిలబస్ రాసేవాళ్లు, నిధులు పంచేవాళ్లు. పరిశోధన రాజధానిలోనే జరగాలని తీర్మానించుకున్నవాళ్లు నంద్యాల పిల్లల తెలివిని తక్కువ చేస్తున్నారు. వచ్చే విద్యా సంవత్సరానికి జిల్లాలోని ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఒక థర్మల్ కెమెరా, రసాయనాలకు విడిగా నిధి, విఫలమైన ప్రయోగానికీ మార్కులు ఇచ్చే సిలబస్ కావాలి. కుదరదంటే ఎందుకు కుదరదో లెక్కలతో సహా చెప్పండి.