గోడకొక తూనిక, గురువునకొక తూనిక

ఇంటిపన్ను మాట వచ్చినప్పుడెల్ల అది పురుషుల ముచ్చట యని మనము వంటయింటిలోనికి తప్పుకొందుము. కాని ఆ పన్నుతోనే పిల్లల బడి నడచు దేశములు కలవు. అమెరికా అట్టిది. అందు కాలిఫోర్నియా రాష్ట్రమున నేటికిని తెగని తగవు నొకదానిని సోదరీమణులకు విన్నవించెదను. మన తెలుగు కుటుంబములు వేలకొలది అచ్చట కాపురమున్నవి గనుక ఇది పరాయివారి గొడవ గాదు.

1970వ దశకమున అచ్చట ఇండ్ల వెలలు మిక్కిలి పెరిగెను. వెలతోపాటు పన్నును పెరిగెను. ఇల్లు పెరుగలేదు, రాబడి పెరుగలేదు. పెరిగినది కాగితముమీది వెల. భర్తను గోల్పోయి పింఛనుతో బ్రతుకు ముదుసలి ఆ కాగితపు సంపదతో పన్నెట్లు కట్టగలదు? ఆమె భయము నిజమైనది. దానిని స్వార్థమని యెగతాళి చేయువారితో నేను ఏకీభవింపను. హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనువారు ముందు నడువగా, 1978 జూన్ 6వ తేదీన ప్రజలే వోటువేసి 13వ ప్రతిపాదనను శాసనముగ జేసికొనిరి. నూటికి ఇంచుమించు 65 మంది ఔననిరి.

దాని ప్రకారము పన్ను ఇంటి వెలలో సామాన్యముగ నూటికి ఒకటికి మించరాదు. ఆ వెలయు 1975 నాటి లెక్కకు మరలవలెను. ఏటేట నూటికి రెండుకంటె హెచ్చింపరాదు. ఇల్లు చేతులు మారినప్పుడే క్రొత్త వెల కట్టుదురు. లక్ష డాలర్ల వెలగల ఇంటిలో 1975 నుండి ఉన్నవారు 50 ఏండ్ల పిదప కట్టవలసినది ఇంచుమించు 2,700 డాలర్లు. ప్రక్కనున్న అట్టి ఇంటినే 15 లక్షలకు నేడు కొన్నవారికి 15,000! లాస్ ఏంజెలెస్‌లో ఇట్లు అయిదింతలు కట్టవలసివచ్చిన ఒక వనిత న్యాయస్థానముల కెక్కినది గాని, 1992లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము శాసనమునే నిలిపెను.

మరి బడి గతి యేమి? ఇంటిపన్ను రాబడి సగమునకు మించి పడిపోయెను. ఆ యేడే పెక్కు ఊళ్ల వేసవి బడులు మూతపడెను. రాష్ట్రపు బొక్కసమునుండి ధనమిచ్చి ఆదుకొనిరి. దానితో పెత్తనము ఊరినుండి రాజధానికి జారినది. పూర్వపు పద్ధతి ధర్మమని నేననను. ధనికుల ఊరి బడికి సమృద్ధియు బీదల ఊరి బడికి కొరతయు కలుగుటను ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము 1971లోనే తప్పుపట్టెను.

నన్ను కలచినది వేరొకటి. పాఠశాలా మండలి తానై ఇంటింటికి ప్రత్యేకపు పన్ను ప్రతిపాదించినచో, వోటువేసిన వారిలో మూడింట రెండు పాళ్లు ఔననవలెను. నూరుగురిలో 66 మంది ఔనని 34 మంది కాదన్నచో కాదన్న మాటయే చెల్లును. భవనములకై అప్పు తెచ్చుటకన్ననో, 2000 సంవత్సరపు 39వ ప్రతిపాదన చొప్పున నూటికి 55 చాలును. కాని ఆ సొమ్ముతో ఉపాధ్యాయులకు జీతమీయరాదు. ఉపాధ్యాయుని యింటి దాననగుటచే ఈ లెక్క నాకు వెంటనే పట్టుబడినది. గోడ సులభముగ లేచును. గోడల నడుమ నిలిచి చెప్పువాని జీతమునకు ఊరెల్ల ఒక్కత్రాటిపైకి రావలెను.

ముదుసలులను కాపాడుటకు వేరు దారి లేదా? కలదు. ఆ ప్రత్యేకపు పన్నునుండి 65 ఏండ్లు నిండినవారిని మినహాయించు నధికారము మండలికి కలదు. 62 ఏండ్లు నిండిన స్వల్పాదాయులకు ఇంటిపన్నును రాష్ట్రమే కట్టి, ఇల్లమ్మినప్పుడు వడ్డీతో రాబట్టుకొను ఏర్పాటును కలదు. దానిని 2009లో ఆపి 2016లో మరల తెరచిరి. ఇట్టి ఊరట అక్కరగలవారికి చేరును. 1978 నాటి ఊరట యన్ననో, ముదుసలి పేర వచ్చి పెద్ద వర్తకపు భవనములకును దక్కినది. వానికైనను నేటి వెల కట్టుదమని 2020లో 15వ ప్రతిపాదన తేగా, నూటికి 52 మంది కాదనుటచే వీగిపోయెను.

మన తెలుగు కుటుంబములలో చాలమంది ఇండ్లు ఇటీవల కొన్నవారు. హెచ్చు పన్ను వారిదే, బడికి పోవు పిల్లలును వారికే కలరు. కాని పౌరసత్వము రానివారికి ఈ ప్రతిపాదనలపై వోటు లేదు. వోటు వచ్చిన సోదరీమణులకు ఎన్నికకు ముందు ప్రభుత్వము పంపు పుస్తకమున అనుకూల ప్రతికూల వాదములు రెండును అచ్చుపడి యుండును. దానిని ఉత్తరముల బుట్టలో పడవేయక, భోజనానంతరము కూర్చుండి రెండు పక్షములును చదువుడు. అత్తగారున్నచో తెలుగున చెప్పి, ఆమె యభిప్రాయమును అడుగుడు.