ఎగరడం రాని రోజుల్లో

సూపర్‌మ్యాన్‌కు రాజకీయాలెందుకన్న ప్రశ్న 2025 జులైలో మరోసారి లేచింది. ఆ నెలలో విడుదలైన చిత్రంలో అతడు ఒక దేశం మరో దేశంపై దండెత్తకుండా అడ్డుపడతాడు. దర్శకుడు జేమ్స్ గన్ అతణ్ని వలస వచ్చినవాడన్నారు. అంతే, అమెరికాలో ఒక వర్గానికి చిర్రెత్తుకొచ్చింది. అందరూ మెచ్చే వీరుడి కథలోకి భావజాలాన్ని చొప్పించారంటూ టీవీ చర్చల్లో విరుచుకుపడ్డారు. వారిలో ఎవరైనా 1938 నాటి తొలి సంచిక తిరగేసి ఉంటే గొడవ మరోలా ఉండేది. రాజకీయాలు అతడికి కొత్తగా అంటుకున్నవి కావు. పుట్టుకతో వచ్చినవే. తర్వాత పనిగట్టుకుని తీసేశారు.

పుట్టింది ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో. జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ 1914లో జన్మించారు, ఇద్దరివీ వలస వచ్చిన యూదు కుటుంబాలే. గ్లెన్‌విల్ హైస్కూల్లో స్నేహం కుదిరింది. ఒకరు రాస్తారు, ఒకరు గీస్తారు. ఆర్థిక మాంద్యం జనాన్ని రోడ్డున పడేసిన కాలమది. 1932 జూన్‌లో సీగెల్ తండ్రి పాతబట్టల దుకాణంలో దొంగలు పడ్డారు. ఆ సమయంలోనే ఆయన కుప్పకూలి చనిపోయారు. తూటాకు లొంగని మనిషిని కొడుకు ఊహించడానికి ఆ చావే కారణమని కొందరు జీవిత చరిత్రకారులు ముడిపెడతారు. అయితే ముడి అంత తేలిగ్గా పడదు. ఎందుకంటే 1933 జనవరిలో తమ సొంత చిన్న పత్రికలో ఈ మిత్రులు అచ్చేసుకున్న మొదటి సూపర్‌మ్యాన్ వీరుడు కాదు, విలన్. ఉచిత రొట్టె కోసం వరుసలో నిలబడిన ఒక నిరుపేదను శాస్త్రవేత్త పిలుచుకెళ్లి మందిస్తాడు. దాంతో ఇతరుల మనసుల్లోకి చూసే శక్తి వస్తుంది. రాగానే లోకాన్ని ఏలాలన్న దురాశ పుడుతుంది. మందు ప్రభావం తగ్గాక మళ్లీ ఆ రొట్టెల వరుసే గతి.

పేదవాడికి బలమొస్తే ఏం చేస్తాడు? ఈ ప్రశ్నకు ఆ కుర్రాళ్లు మొదట రాసుకున్న జవాబు అది. ఆ తర్వాత జవాబు మార్చారు. కొత్త కథతో ఏళ్ల తరబడి పత్రికల గడపలు ఎక్కారు, దిగారు. చివరికి 1938 మార్చిలో న్యూయార్క్ ప్రచురణకర్తలు 13 పేజీల కథ తీసుకుని 130 డాలర్లిచ్చారు. సర్వహక్కులూ ఆ సొమ్ముతోనే చేతులు మారాయి. జూన్ తేదీతో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక ఏప్రిల్‌లోనే దుకాణాలకు వచ్చింది. వెల 10 సెంట్లు.

తెలుగులో ఎగరడమంటే గెంతడమూ అవుతుంది, గాలిలో తేలిపోవడమూ అవుతుంది. ఆ సంచికలోని సూపర్‌మ్యాన్‌కు మొదటి అర్థమే వర్తిస్తుంది. ఒక్క దూకుకు మైలులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 200 మీటర్లు. 20 అంతస్తుల భవనాన్ని దాటగలడు, ఎక్స్‌ప్రెస్ రైలు కన్నా వేగంగా పరుగెత్తగలడు. ఫిరంగి గుండు పేలితే తప్ప చర్మం చిట్లదు. తన బరువుకు ఎన్నో రెట్లు మోసే చీమనూ, ఎంతో దూరం గెంతే మిడతనూ చూపించి ఇదంతా సాధ్యమేనని రచయిత నచ్చజెబుతాడు. సముద్రాన్నే లంఘించిన ఆంజనేయుణ్ని ఎరిగిన మనకు ఇవి చిన్నపాటి గంతులే. 1980 నాటి ఎన్టీఆర్ ‘సూపర్‌మ్యాన్’లో హీరోకు శక్తులు ఏకంగా ఆ హనుమంతుడే ప్రసాదించాడు, చీమల సాక్ష్యం అవసరం పడలేదు.

అసలు విశేషం బలంలో లేదు, దాన్ని ఎవరి మీద ప్రయోగించాడన్న దానిలో ఉంది. తొలి సంచికలోనే భార్యను చావబాదుతున్న మొగుణ్ని గోడకేసి కొడతాడు. విద్యుత్ కుర్చీ ఎక్కబోతున్న నిర్దోషి మహిళను కాపాడటానికి అర్ధరాత్రి గవర్నర్ ఇంటి తలుపులు విరగ్గొడతాడు. దేశాన్ని ఐరోపా గొడవల్లోకి దించాలని సెనేటర్‌తో మంతనాలాడే పైరవీకారుణ్ని చంకనెత్తుకుని టెలిఫోన్ తీగల మీద పరుగెడతాడు. రెండో సంచికలో ఆయుధాల వ్యాపారిని అతడు అమ్మిన సరుకే పేలే యుద్ధరంగానికి సిపాయిగా పంపుతాడు. పోరాడుతున్న రెండు పక్షాల సేనానులను ఒకచోటికి చేర్చి మీరే కొట్టుకోండంటే, ఎందుకు కొట్టుకోవాలో ఇద్దరికీ తెలియదు. మూడో సంచికలో గని యజమాని వంతు. కార్మికుల భద్రత పట్టని ఆ పెద్దమనిషి విందుకొచ్చిన అతిథులతో సహా గనిలోకి దిగినప్పుడు, సూపర్‌మ్యాన్ సొరంగాన్ని కూల్చి అక్కడే బంధిస్తాడు. ప్రమాద హెచ్చరిక గంట పనిచేయదన్న సంగతి ఆ చీకట్లో యజమానికి తెలిసొస్తుంది.

వీటన్నిటినీ మించింది 1939 జనవరి సంచిక. మురికివాడ పిల్లలు దొంగలుగా మారడానికి వారి ఇళ్లే కారణమని సూపర్‌మ్యాన్ తేల్చుకుంటాడు. తుపానుకు కూలిన ఇళ్లను ప్రభుత్వం కట్టించి ఇస్తుందని పత్రికలో చదువుతాడు. అయితే తానే తుపానునవుతానని, జనాన్ని ఖాళీ చేయించి వాడను నేలమట్టం చేస్తాడు. ఆపడానికి వచ్చిన విమానాల బాంబులు మిగిలిన పని పూర్తిచేస్తాయి. ఆ స్థలంలో ప్రభుత్వం కొత్త భవనాలు లేపుతుంది. ఇది చట్టమూ కాదు, నీతిపాఠమూ కాదు. అద్దె ఇంటి కష్టం ఎరిగిన పాతికేళ్ల కుర్రాళ్ల కోపం.

కోపం అమ్ముడుపోయింది. అంత అమ్ముడుపోయాక కోపం అనవసరమైపోయింది. 1939లో సొంత పత్రిక, వార్తాపత్రికల్లో రోజువారీ కథ, 1940 ఫిబ్రవరిలో రేడియో ధారావాహిక వచ్చాయి. బొమ్మల మీద, దుస్తుల మీద అతడి పేరు ఎక్కింది. ఇంత వ్యాపారం నెత్తినున్నవాడు ఇళ్లు కూల్చుకుంటూ తిరిగితే కుదరదు. సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ హయాంలో హీరో ఎవరినీ చంపరాదన్న నిబంధన వచ్చింది. గని యజమానుల స్థానంలోకి పిచ్చి శాస్త్రవేత్తలు, రాక్షస యంత్రాలు వచ్చాయి. 1940లో ఎర్రజుట్టుతో ప్రవేశించిన లెక్స్ లూథర్ మరుసటి ఏడాదికే బట్టతలతో తేలాడు. చిత్రకారుడి పొరపాటు అలాగే నిలిచిపోయిందంటారు.

అదే సమయంలో శక్తులు పెరుగుతూ పోయాయి. రేడియోలో గాలి హోరు వినిపిస్తే చాలు, శ్రోతల ఊహలో అతడు ఎగిరిపోయేవాడు. 1941లో మొదలైన ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లలోనూ కొద్ది రోజులకే గెంతడం మాని ఎగరడం నేర్చాడు. పత్రిక కథలు ఆ వెనకే నడిచాయి. అతణ్ని నీరసపరిచే క్రిప్టోనైట్ కూడా 1943లో రేడియోలో పుట్టిందే, కామిక్స్‌లోకి 1949లో గానీ రాలేదు. బలం పెరిగే కొద్దీ పని తగ్గిందన్నది విచిత్రమైన నిజం. 1940 ఫిబ్రవరిలో ‘లుక్’ పత్రిక కోసం సృష్టికర్తలు గీసిన రెండు పేజీల్లో సూపర్‌మ్యాన్ హిట్లర్‌నూ స్టాలిన్‌నూ మెడపట్టుకుని జెనీవాకు లాక్కెళ్లాడు. నాజీల ఎస్ఎస్ దళం పత్రిక ఏప్రిల్‌లో సీగెల్ మీద విషం కక్కింది. కానీ 1942లో నిజంగా యుద్ధంలో చేరాల్సి వచ్చేసరికి క్లార్క్ కెంట్ కంటి పరీక్షలో తప్పాడు. ఎక్స్‌రే చూపుతో పొరపాటున పక్కగదిలోని అక్షరాలు చదివాడట. అలా అతణ్ని స్వదేశంలోనే ఉంచేశారు. 1954లో కామిక్స్ పరిశ్రమ తనకు తానే విధించుకున్న నియమావళి పోలీసులనూ, జడ్జీలనూ, ప్రభుత్వ అధికారులనూ చులకన చేసి చూపరాదంది. తొలి సంచిక ఆ నియమావళి ముందు ఒక్క పేజీ కూడా నిలబడదు.

సృష్టికర్తల గతీ అదే. 1943లో సీగెల్‌ను సైన్యంలోకి తీసుకున్నారు. ఆయన అక్కడ ఉండగానే, ఆయన ప్రతిపాదించిన ‘సూపర్‌బాయ్’ని కంపెనీ అచ్చేసింది. 1947లో ఇద్దరూ కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది రాజీలో కొంత సొమ్ము దక్కింది గానీ సూపర్‌మ్యాన్ దక్కలేదు. కథ మీద ఇద్దరి పేర్లూ ఎగిరిపోయాయి. షుస్టర్ చూపు క్షీణించింది. భారీ బడ్జెట్ సినిమా రాబోతున్న 1975లో సీగెల్ పత్రికలకెక్కి తిట్టిపోశాక, తోటి చిత్రకారులు అండగా నిలిచాక, కంపెనీ ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. పేర్లు తిరిగొచ్చాయి. షుస్టర్ 1992లో, సీగెల్ 1996లో కన్నుమూశారు. ఆ 130 డాలర్లూ కలిసి ఉన్న పాత చెక్కు 2012 వేలంలో లక్షా 60 వేల డాలర్లు పలికింది. తొలి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు పోయింది.

వారసులు సాగించిన దావాలు కంపెనీ వైపే తేలాయి. ఇక మిగిలింది గడువు. అమెరికా చట్టం ప్రకారం 95 ఏళ్లు నిండి, 2034 జనవరి 1న ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికకు కాపీరైటు తొలగుతుంది. పేరు మీద, ఛాతీ మీది గుర్తు మీద ట్రేడ్‌మార్కు కంపెనీకే ఉంటుంది. క్రిప్టోనైట్ గడువు తీరాలంటే ఇంకా ఆగాలి, బట్టతల లూథర్‌కూ అంతే. ఆ రోజున ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగలిగేది 200 మీటర్లు మాత్రమే గెంతగలిగినవాణ్ని, పైరవీకారుణ్ని తీగల మీద పరుగెత్తించినవాణ్ని.