అమ్ముగూడ బలరామ్

2023 మొదట్లోనే సినీ ప్రముఖులు జమున, కె. విశ్వనాథ్, వాణీ జయరాం వరసగా వెళ్లిపోయారు. వారికి లోపల పేజీలకు పేజీలే ఇచ్చాం. ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూసిన తులసీదాస్ బలరామ్ మాత్రం పత్రికల్లో ఓ మూలన సర్దుకున్నారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు కొట్టిన గోల్స్ మూడైతే, రెండు ఆయనవే: హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి. రెండేళ్లకు జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం. ఆరోగ్యం చెడి ముప్పై నిండకుండానే ఆట మానేశారు. తోటి ఫార్వర్డులు పీకే బెనర్జీ, చునీ గోస్వామిలకు పద్మశ్రీ వచ్చింది. ఆయనకు రాలేదు. ఆయన కన్నుమూసిన బెంగాల్ మాత్రం ఆయన్ని తనవాడే అనుకుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కూ ఓ వైభవం ఉండేదని మనలో ఎందరికి తెలుసు? బిర్యానీ సంగతైతే అందరూ చెబుతారు.