కొత్త విండోసు - మన కర్తవ్యము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఉచితముగా చేయుచు వచ్చిన సంరక్షణ ముగిసినది. 2015 జూలైలో వెలువడి, పదేండ్లు మన కచేరీలను, దుకాణములను, పాఠశాలలను, గృహములను నడిపిన వ్యవస్థ యిది. ఈ వార్త విన్నవారిలో కొందరు, మరునాటినుండి తమ కంప్యూటరు కదలనే కదలదని భయపడి అప్పుచేసి కొత్తది కొన్నారు. మరికొందరు, నిన్న నడిచినది నేడును నడుచుచున్నది గదా యని నిశ్చింతగా నున్నారు. ఇరువురును పొరబడినవారే.

యంత్రము ఆగిపోదు, నిజమే. కాని దొంగలు దూరుటకు వీలగు కొత్త కన్నములు బయటపడినపుడు వానిని పూడ్చువారు లేరు. ఇంటిగోడలు నిలిచియున్నవి, తలుపులు వేసియున్నవి, కావలివాడు మాత్రము వెడలిపోయినాడు. బ్యాంకు లెక్కలను, కక్షిదారుల దస్తావేజులను, విద్యార్థుల మార్కుల పట్టికలను దాచుకొన్న యంత్రమును ఈ స్థితిలో ఇంటర్నెట్టునకు తగిలించియుంచుట అవివేకము. గృహస్థులకు సంస్థవారు 2026 అక్టోబరు 13 వరకు అదనపు గడువును ప్రకటించిరి. అందుకు 30 డాలర్లు చెల్లింపవలెను, లేదా తమ సెట్టింగులను వారి క్లౌడునకు అప్పగింపవలెను. ఇది ఊపిరి పీల్చుకొనుటకు వ్యవధియేగాని పరిష్కారము కాదు.

అట్లయిన విండోసు 11నే వేసికొనరాదా? 2021 అక్టోబరు 5న వెలువడిన ఈ వ్యవస్థకు పాతదానినుండి మారుటకు రుసుము లేదు. అర్హత మాత్రము కావలెను. నాలుగు జీబీల ర్యామ్, 64 జీబీల నిల్వ అనునవి నేడు అరుదైనవి కావు. చిక్కు మరియొకచోట నున్నది. యంత్రమున టీపీఎం 2.0 అను భద్రతాంగము ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో, ఒకటిరెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరమునకు తక్కువ కారాదు. కనుక 2016లో కొన్న కంప్యూటరు తెర మాయక, మీట అరగక నిక్షేపముగా పనిచేయుచున్నను అర్హత లేనిదైనది. ఇది భద్రతకొరకే యని సంస్థ చెప్పుచున్నది. అందు సత్యము లేకపోలేదు. టీపీఎం రహస్యపు తాళపుచెవులను యంత్రములోపలనే కాపాడును. కాని ఆ భద్రతకు మూల్యము చెల్లించునది ఒక చిన్న బడి, ఒక గుమాస్తా, ఒక గ్రంథాలయము.

అర్హతగల యంత్రమున్నవారు మారవలసినదే. మారుటకు ముందు తమ ఫైళ్లనన్నిటిని వేరొక డిస్కులోనికి ఎక్కించుకొనవలెను. స్టార్టు బొత్తాము నడుమకు వచ్చినదని కలవరపడనక్కరలేదు. సెట్టింగులలో పర్సనలైజేషను, టాస్కుబారు అను భాగములకు పోయి ఎడమకు మార్చుకొనవచ్చును. మౌసు కుడిమీట నొక్కినపుడు కనబడు పట్టిక పొట్టిదైనది. షిఫ్టుతో ఎఫ్10 నొక్కినచో పూర్వపు పట్టిక తెరచుకొనును. 2024 అక్టోబరులో వెలువడిన 24హెచ్2 కూర్పులో వర్డుప్యాడును తొలగించిరి. దానిలో అర్జీలు వ్రాసికొనువారు ఉచితమగు లిబ్రె ఆఫీసును తెచ్చుకొనవలెను. తెలుగు వ్రాయగోరువారికి ఉచ్చారణ ననుసరించు కీబోర్డు 2019నుండి విండోసులోనే కలదు. భాషల పట్టికలో తెలుగును చేర్చుకొని, విండోసుమీటతో స్పేసు నొక్కిన చాలును.

ఇవి చిన్న సంగతులు. పెద్దవి మూడున్నవి. హోం కూర్పును మొదట అమర్చునపుడు సంస్థవారి ఖాతాతో లోనికి రావలెనని నిర్బంధము. మన యంత్రమును మనము తెరచుటకు పరుల చిట్టాలో పేరు వ్రాయించుకొనవలసి వచ్చినది. రెండవది: 24హెచ్2ను కొత్తగా వేసి ఆ ఖాతాతో ప్రవేశించినచో, పెక్కు యంత్రములలో డిస్కు తనంతతానే గూఢలిపిలోనికి మారును. దానిని విప్పు 48 అంకెల తాళపుచెవి ఆ ఖాతాలో నుండును. దానిని నేడే కాగితముపై వ్రాసి బీరువాలో దాచుడు. ఆ అంకెలు లేనినాడు, యంత్రము మొరాయించినచో, మీ దస్తావేజులు మీకే దక్కవు. మూడవది: తెరను కొలది క్షణములకొకమారు చిత్రించి దాచు రీకాల్ అను సాధనము. 2024 మేలో ప్రకటించినపుడు లోకమెల్ల గగ్గోలు చేయగా దానిని వాయిదావేసి, అనుమతించినవారికే యని మార్చి, 2025లో కొన్ని కొత్త యంత్రములకు విడుదలచేసిరి. అనుమతి కోరినపుడు వలదని చెప్పుటయే మేలు. ప్రజలు నోరువిప్పినచో ఎంతటి సంస్థయైనను వెనుకంజ వేయునని దీనివలన తేలినది.

న్యాయదృష్టితో చూచినచో మూలము వేరొకటి. విండోసును మనము కొనుటలేదు. వాడుకొనుటకు లైసెన్సు మాత్రము పొందుచున్నాము. భూమి కొన్నవాడు వేరు, అనుమతిపై కాపురమున్నవాడు వేరు. షరతులను వ్రాయువాడు యజమాని, తలయూపువాడు మనము.

ఇది పుస్తకములలోని వాదము మాత్రమే కాదు. గుజరాతులోని వాడినార్‌లో చమురుశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీపై 2025 జూలైలో యూరోపియను యూనియను ఆంక్షలు విధించినది. రష్యాకు చెందిన రోస్‌నెఫ్టునకు అందు సుమారు సగము వాటా కలదు. ఆంక్షలు విధించినది యూరోపు, కర్మాగారమున్నది భారతదేశమున. అయినను మైక్రోసాఫ్టు తన సేవలను నిలిపివేసినది. రుసుము పూర్తిగా చెల్లించియున్నామని నయారా మొరపెట్టి ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిదప, కొలదిదినములలో సేవలు మరల వచ్చినవి. ఆగినవి మెయిలు మున్నగు సేవలే గాని విండోసు కాదు. కాని మీట ఎవరిచేతిలో నున్నదో దేశమునకు తెలిసినది. అంతటి సంస్థకు హైకోర్టు అందుబాటులో నున్నది. మన తాలూకా బడికి ఎవరున్నారు?

స్వదేశి యనగా పరదేశివస్తువుపై ద్వేషము కాదు, మన పనిముట్టుపై మనకు అధికారము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ, 1991లో ఫిన్లాండున విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్సు ఆ అధికారమును ఎల్లజాతులకు ఇచ్చినవి. వానిని ఎవరైనను విప్పి చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. 2024 ఏప్రిలులో వెలువడిన ఉబుంటు 24.04కు ఐదేండ్ల ఉచిత సంరక్షణ కలదు. పాత యంత్రములకు లినక్సు మింటువారి ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు తేలిక. వీనిని పెన్‌డ్రైవునుండియే నడిపి, నచ్చిన పిదప వేసికొనవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్లతరబడి ఈ మార్గముననే నడచుచున్నవి. సీడాక్ సంస్థ బాస్ లినక్సును నిర్మించినది. హైదరాబాదున స్వేచ్ఛ ఉద్యమమువారు లినక్సును తెలుగులోనికి తెచ్చిరి.

కష్టములు లేవని మేమనము. అను ఫాంట్లతో, పేజిమేకరుతో పనిచేయు తెలుగు ముద్రణాలయములు ఒక్కనాట మారజాలవు. వకీళ్లును, వర్తకులును తమ ప్రింటరు, డిజిటలు సంతకపు పరికరము పనిచేయునో లేదో ముందుగా పరీక్షించుకొనవలెను. కాని చదువుట, వ్రాయుట, లెక్కలు, ఇంటర్నెట్టు - వీనికి పాత యంత్రము నేటికిని చాలును.

పఠనమందిరముల నిర్వాహకులకు మా మనవి యొక్కటి. మూలపడవేసిన యంత్రములలో ఒకదానిని బయటికి తీసి, లినక్సు వేసి, తెలుగు కీబోర్డు నమర్చి, పాఠకులముందుంచుడు. కళాశాల విద్యార్థి యొకడు ఆదివారము రెండుగంటలు వెచ్చించిన చాలును. ప్రభుత్వములును ఇకమీద కొను ప్రతి కంప్యూటరు విషయమున, సంరక్షణ ఎన్నేండ్లు, తాళపుచెవి ఎవరివద్ద అని టెండరులోనే అడుగవలెను. ప్రజాధనముతో కొన్న యంత్రము ఏనాడు పనికిరానిదగునో నిర్ణయించు అధికారము ప్రజలకే యుండవలెను.