బిళ్ళ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న

హాస్టల్లో ఎవరైనా తలనొప్పి అంటే చాలు, మూడు గదుల నుంచి మూడు రకాల బిళ్ళలు వచ్చేస్తాయి. మనకది స్నేహం. నేనూ అలా ఇచ్చినవాడినే. పోయిన సెమిస్టర్ ఇంటర్నల్స్ ముందు రాత్రి, ఒళ్ళునొప్పులంటున్న నా రూమ్మేట్‌కి ఐబుప్రొఫెన్ బిళ్ళ ఇచ్చాను. గంట తిరక్కముందే వాడి ముక్కు మూసుకుపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి, పిల్లికూతలతో ఊపిరి అందలేదు. ఆసుపత్రికి పరిగెత్తాం. తేరుకున్నాడు.

వాడికి ఆస్తమా ఉందని నాకు తెలుసు. ముక్కులో కండ పెరిగిందనీ, ఏడాదిగా వాసనే తెలియడం లేదనీ డాక్టర్ అడిగినప్పుడే విన్నాను. ఇంటర్‌లో ఇదే బిళ్ళ వేసుకుంటే ఏమీ కాలేదట. ఈ జబ్బు చాలామందికి పెద్దయ్యాకే మొదలవుతుంది మరి.

ఆస్తమా, ముక్కులో పాలిప్స్, ఆస్పిరిన్ పడకపోవడం. ఈ మూడూ కలిసి ఉండటాన్ని ఫ్రాన్స్‌లో విడాల్ 1922లోనే వర్ణించాడు. 1968లో సామ్టర్, బీర్స్ వివరంగా రాశాక ‘సామ్టర్స్ ట్రయాడ్’ అన్న పేరు నిలిచింది. ఇది మామూలు ఎలర్జీ కాదు. ఆస్పిరిన్ కాక్స్-1 అనే ఎంజైమును ఆపుతుంది. దాంతో వాపును అదుపు చేసే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తగ్గి, శ్వాసనాళాలను బిగించే ల్యూకోట్రయీన్లు పెరుగుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ చేసేదీ అదే. బ్రాండ్ మారిస్తే ప్రమాదం పోదు.

“ఎవరికో ఒకరికి వచ్చేదానికి ఇంత హడావిడా?” అనొచ్చు. ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళలో సుమారు 7 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అలాగని సైనస్ ఉన్న ప్రతివాళ్ళూ భయపడక్కర్లేదు. అనుమానం ఉంటే డాక్టర్‌ని అడగాలి, అంతేగానీ “ఒకటి వేసుకుని చూద్దాం” అని గదిలో పరీక్ష పెట్టుకోకూడదు. ఆ పరీక్ష ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్ళెదుటే జరగాలి. కొద్ది డోసుతో మొదలుపెట్టి ఆస్పిరిన్‌ని అలవాటు చేసే చికిత్స కూడా ఉంది, అదీ అక్కడే.

నేను అడిగేది చిన్న మార్పు. ప్రతి ఫ్లోర్‌లో ఉన్న ఫస్ట్ ఎయిడ్ డబ్బా మీద ఒక కాగితం అతికిద్దాం: “ఆస్తమా ఉందా? ముక్కులో పాలిప్స్ ఉన్నాయా? నొప్పి బిళ్ళ ఎప్పుడైనా పడలేదా?” ఒక్కదానికి అవునన్నా, బిళ్ళ ఇవ్వొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు కూడా చదవడం నేర్చుకుందాం.

కోడ్‌లో సెమీకోలన్ కోసం అర్ధరాత్రి దాకా వెతుకుతాం. ఆ చిన్న అక్షరాలకు పది సెకన్లు పెట్టలేమా?