పెళ్లిరోజు విందు ఎవరి చేతిది?

మొన్న మా పిన్ని కూతురు టోక్యో నుంచి ఫోను చేసింది. వచ్చేనెల వాళ్ల పదో పెళ్లిరోజు. మా మరిదిగారికి సుషి అంటే ప్రాణం. "ఒక్కసారైనా గిన్జాలో పెద్ద సుషి హోటల్లో తినాలంటున్నారక్కా. మనిషికి ముప్ఫై, నలభై వేల యెన్‌లు! ఏది ఎంచుకోవాలో తెలియట్లేదు" అంది. ఇక్కడ వంటింట్లో కూచున్న నేనేం చెప్పగలను? అయినా అడిగింది కదా అని నాలుగూ చదివి చూశాను.

పచ్చి చేప అనగానే ముక్కు చిట్లించకండి. వెనిగర్ కలిపిన అన్నాన్ని చిన్న ముద్దగా నొక్కి, పైన చేపముక్క పెడతారు. కొన్ని చేపల్ని ఉప్పులో, వెనిగర్‌లో ఊరబెడతారు, కొన్నింటిని ఉడికిస్తారు. ఒకప్పుడు ఇది ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, వీధి బండి మీద అమ్మిన తిండే. ఇప్పుడు పెద్ద హోటళ్లలో 'ఒమకసె' అంటారు. ఏం పెట్టాలన్నది వంటవాడి ఇష్టం. ఒక్కొక్కటే చేసి ముందు పెడతాడు, పెట్టగానే తినెయ్యాలి. చేత్తో తినొచ్చు. ఆ విషయంలో మనం ఎవరికీ తీసిపోం! సెంటు పూసుకుని మాత్రం వెళ్లకూడదు. చేప ముట్టని వాళ్లకు ఇది కుదరదు. కోడిగుడ్డు అట్టులో కూడా ఎండుచేప రసం పడుతుంది.

అన్నిట్లోకీ పేరుమోసింది గిన్జాలోని సుకియబాషి జిరో. ఉన్నవి పది సీట్లే. 2007లో మిషెలిన్ వాళ్లు మూడు నక్షత్రాలిచ్చారు. 1925లో పుట్టిన యజమాని జిరో ఒనో మీద 2011లో సినిమా వచ్చింది. 2014లో ఒబామా అక్కడ భోంచేశారు. మామూలు జనానికి నేరుగా సీటు దొరకదు కాబట్టి 2019లో మిషెలిన్ వాళ్లే దాన్ని పుస్తకంలోంచి తీసేశారు. అక్కడ ఇరవై ముద్దలూ అరగంటలో అయిపోతాయట. ఆలుమగలు పక్కపక్కన కూచుని వంటవాడి మొహం చూస్తూ గబగబా తినేస్తే అది పెళ్లిరోజు విందెలా అవుతుంది?

ఇంతవరకూ సరదాగానే చదివాను. ఆ తర్వాత కనబడింది అసలు సంగతి.

ఆ జిరో గారి పెద్దకొడుకు యోషికజు 2011లో ఒక అమెరికా పత్రికతో అన్నమాట ఇది. ఆడవాళ్లకు నెలసరి ఉంటుంది, దాంతో నాలుక రుచి నిలకడగా ఉండదు, అందుకే వాళ్లు సుషి వంటకు పనికిరారు అని. చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. 'ఆ మూడు రోజులూ ఆవకాయ జాడీ ముట్టుకోకు, బూజు పడుతుంది' అన్న మా అమ్మమ్మ గొంతే జపాన్ నుంచి వినబడినట్టయింది. అమ్మమ్మ బడికి వెళ్లలేదు. ఈయన ప్రపంచమంతా మెచ్చిన వంటవాడు!

ఇంకో మాట కూడా ఉంది. ఆడవాళ్ల చేతులు వెచ్చగా ఉంటాయి, చేప పాడవుతుంది అని. అన్నమేమో ఒంటి వేడి మీదే ఉండాలట, ఆడదాని చెయ్యి మాత్రం వేడిగా ఉండకూడదట! 1998లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన పరిశీలనలో ఆడవాళ్ల చేతులే మగవాళ్ల చేతుల కన్నా చల్లగా తేలాయి. సరే, అదలా ఉంచండి. జపాన్‌లో పిల్లల డబ్బాలోకి 'ఒనిగిరి' అన్నం ముద్దలు నొక్కి పెట్టే చేతులు చాలా ఇళ్లలో ఎవరివి? అమ్మవి. ఇంట్లో పనికొచ్చిన చేతులు వేలకు వేలు వచ్చే చోటికి వెళ్లేసరికి పనికిరాకుండా పోయాయి. మనకు మాత్రం ఏం తక్కువ? రోజూ పొయ్యి దగ్గర మనం, పేరు నలభీములకు.

అలాగని అక్కడి ఆడవాళ్లు ఊరుకోలేదు. 2010లో టోక్యోలోని అకిహబరాలో అందరూ ఆడవాళ్లే వంట చేసే నదెషికొ సుషి మొదలైంది. అది గిన్జా హోటళ్లంత ఖరీదైనది కాదు. పెద్ద హోటళ్ల బల్ల వెనక మాత్రం స్త్రీ కనబడటం ఇప్పటికీ అరుదే.

మా చెల్లికి ఇదంతా చెప్పి, "నక్షత్రాలు లెక్కపెట్టకు. సీటుకి ఫోను చేసినప్పుడు మీ దగ్గర సుషి చేసేవాళ్లలో ఆడవాళ్లున్నారా అని అడిగించు. లేకపోతే లేరంటారు. వాళ్లకీ ఆ ప్రశ్న వినబడాలి. నలభై వేలు పోసేవాళ్లు అడిగితే వినబడుతుంది" అన్నాను. మీరేమంటారో గానీ, పెళ్లిరోజు విందంటే అందులో సగం భార్యది. తనలాంటిది నిలబడటానికి పనికిరాదన్న బల్ల ముందు కూచుని ఆమె ఏ రుచిని మెచ్చుకోవాలి?

చెల్లి కాసేపు మాట్లాడలేదు. "మా అత్తగారింట్లో నన్నూ జాడీ ముట్టుకోనివ్వలేదక్కా" అంది.

వారం తర్వాత మళ్లీ ఫోను. మా మరిదిగారు ముందు నసిగినా అడిగారట. రెండుచోట్ల లేరన్నారు. మూడోచోట ఒకమ్మాయి ఉందట, పెద్దవంటవాడి పక్కన నేర్చుకుంటూ, గురువారాలు మాత్రం చిన్న బల్ల దగ్గర తనే సొంతంగా చేస్తుందట.

పెళ్లిరోజు శనివారం. వీళ్లు గురువారమే వెళ్తున్నారు.