మన ఇంటి కప్పు మీది ఎండ ఎవరిది?

ఈమధ్య మన వాడల్లోకి మోటారు సైకిళ్ల మీద కొత్త మనుషులు వస్తున్నారు. చేతిలో రంగుల కాగితాలు. "సోలార్ పెట్టించుకోండి, కరెంటు బిల్లు సున్నా" అంటున్నారు. మాకు ముందు నవ్వొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. తెలంగాణలో తెల్లకార్డు ఇళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అదే 200. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇంట్లో వంద యూనిట్లు కాలితే గొప్ప. సున్నా బిల్లును సున్నా చేసుకోడానికి అప్పు చేయాలా?

లెక్క చూద్దాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ. సర్కారు వేసిన ధర ప్రకారమే 2 కిలోవాట్లకు లక్ష అవుతుంది. బయట ఇంకా ఎక్కువే చెబుతారు. సబ్సిడీ ముందు రాదు, బిగించాక ఖాతాలో పడుతుంది. నెలకు 300 యూనిట్లు కాల్చి పూర్తి బిల్లు కట్టే ఇంటికి, సొంత స్లాబు ఉంటే, ఇది గిట్టుబాటే. ఐదారేళ్లలో పెట్టింది తిరిగొస్తుంది, ప్యానెళ్లు 25 ఏళ్లు ఉంటాయి. ఇన్వర్టర్ మాత్రం అన్నేళ్లు రాదు, మధ్యలో మార్చాల్సిందే. కూలికి పోయే ఇంటికి ఈ అప్పు దండగ.

ఇంకో సంగతి. కరెంటు పోయినా సోలార్ ఉంటే ఇంట్లో లైటు వెలుగుతుందని చాలామంది అనుకుంటున్నారు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే సోలార్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన మనిషికి షాకు కొట్టకుండా అలా చేశారు, మంచిదే. కానీ ఆ ముక్క రంగుల కాగితం మీద లేదు.

సరే, 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు పూర్తి ఉచితంగా పెడతామంది. అప్పు లేదు గదా, ఇక పేచీ ఏంటంటారా? ఉంది. 2 కిలోవాట్లకు నెలకు సుమారు 240 యూనిట్లు వస్తాయి. మనం వాడేది వంద. మిగిలిందంతా లైన్లోకి పోతుంది. మనకిచ్చే ఉచిత యూనిట్ల డబ్బు ఇన్నాళ్లూ ప్రభుత్వం డిస్కంలకు కట్టేది. మన కప్పు మీద కరెంటు పుడితే ఆ భారం తగ్గుతుంది. అంటే ఇది మనకు పడేసే దానం కాదు, మన కప్పు వాళ్లకు పెట్టుబడి. భూమి ఎటూ దక్కనీయలేదు. ఉన్న రెండు సెంట్ల మీద పడే ఎండకైనా లెక్క అడగొద్దా?

అందుకే వద్దనడం లేదు, కాగితం అడగమంటున్నాం. ప్యానెల్ చెడిపోతే 200 యూనిట్ల ఉచితం ఉంటుందా, ఊడుతుందా? ఇన్వర్టర్ కాలిపోతే ఎవరు మారుస్తారు? మిగులు యూనిట్ల డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? నోటిమాట చెల్లదు, రాసివ్వాలి.

మరి కప్పే లేనివాళ్ల సంగతి? 2 కిలోవాట్లకు నీడ పడని జాగా 200 చదరపు అడుగుల దాకా కావాలి. మనవాళ్లవి రేకుల ఇళ్లు, పెచ్చులూడే పాత కాలనీ స్లాబులు. పట్టా చనిపోయిన తాత పేర, మీటరు ఇంకెవరి పేరో. జాబితాలోంచి మొదట జారిపోయేది వీళ్లే. ఊళ్లోకి కరెంటు స్తంభాలు వచ్చినప్పుడూ ఇంతే, వాడ చివరికి గదా వచ్చాయి. 1943లో వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ కరెంటు చౌకగా, పుష్కలంగా అందాలన్నారు, అది ఎవరి చేతుల్లో ఉండాలో తేల్చాలన్నారు. ఆ ప్రశ్న ఇంకా తేలలేదు. కప్పు లేనివాళ్ల వంతు ప్యానెళ్లు వాడలోని కమ్యూనిటీ హాలు మీదో, ఊరి ఉమ్మడి జాగాలోనో పెట్టి, ఆ యూనిట్లు వాళ్ల పేర రాయాలని సంఘాలు అడగాలి.

కాగితాల మనిషి వస్తే ఒంటరిగా సంతకం పెట్టొద్దు. సంఘం మీటింగులో నలుగురి ముందు ఆ కాగితం చదివించండి. అంతకుముందు ఇంట్లో కరెంటు బిల్లు తీసి, మీటరు ఎవరి పేర ఉందో ఇవాళే చూసుకోండి.